తనది కాని మంట

డాక్టరు ముందు స్టూలు మీద కూర్చోగానే మా సారక్క ముఖం మారిపోయేది. అప్పటిదాకా బయట బెంచీ మీద పక్కామెకు బోనాల ముచ్చట చెప్పి నవ్వించిన మనిషి, లోపలికి పోగానే కొంగు దగ్గరికి తీసుకుని, కుడిచేతి వేళ్లు రొమ్ము ఎముక కింద ఆనించి, కళ్లు సగం మూసేది.

"గీడ షురువైతది సార్. తిన్నంక జరసేపటికి. మెల్లగ మీదికెక్కుతది. గొంతులకు పుల్లటి నీళ్లొస్తయి. పండుకుంటే ఇంక జాస్తి."

డాక్టరు తలాడించి రాసిచ్చేవాడు. మందుల కిటికీ దగ్గర గ్యాస్ గోళీల పట్టీలు ఇచ్చేవారు, ఒక్కోసారి గులాబీ రంగు మందు సీసా కూడా. వాటిని కొంగులో మూట కట్టుకుని గేటు దాటేదాకా సారక్క నీరసంగానే నడిచేది. గేటు దాటాక నా భుజం మీద ఒక్కటి చరిచి, "ఎట్లున్నది చెల్లె నా యాక్షన్?" అనేది.

ఆ మంట ఆమెది కాదు. నా భర్త సిద్దిరాములుది.

సారక్క మా ఇంటి పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. మా దిక్కు యారాళ్లు అంటారు. యారాళ్లంటే కుండలు కొట్టుకున్నట్టు కొట్టుకోవాలని జనం అనుకుంటారు. మా మధ్య ఆ ముచ్చట రాలేదు. నేను కాపురానికి వచ్చిన రోజే నన్ను వంటింట్లోకి తీసుకుపోయి, "కోమలా, అన్నదమ్ములిద్దరు కారం ఎక్కువ తింటరు. మనం వండేటోళ్లం గాబట్టి మనకోసం జర తక్కువేసి ముందే తీసి పెట్టుకుందాం" అని చెవిలో చెప్పింది. అప్పటినుంచి ఆమె నాకు అక్కే.

ఆమె పుట్టిల్లు లక్సెట్టిపేట దగ్గర గోదారి ఒడ్డు పల్లె. మా బావ మొగిలిని చేసుకుని బొగ్గుబాయి కాలనీకి వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి గిన్నెలు కదిలితే, భూమి పగులుతున్నదనుకుని పచ్చడి నూరుతున్న బండ చేతిలో పట్టుకునే వాకిట్లోకి ఉరికిందట. లైనులో ఆడవాళ్లందరూ నవ్వారట. తర్వాత ఎంత చప్పుడైనా ఆమె తల ఎత్తేది కాదు. "బండ పట్టుకుని ఉరికినదాన్ని, ఇగ దేనికి భయపడుత?" అనేది.

మా మామ బాయిలో పనిచేసి పనిచేసి ఊపిరాడని మనిషి అయ్యాడు. డాక్టర్లు పరీక్ష చేసి ఇక పనికి పనికిరాడని రాశారు. అట్లా రాస్తే ఆ నౌకరీ ఇంట్లో ఒక కొడుక్కి వస్తుంది. ఒక్క కొడుక్కే. బాయి కాలనీలో ఎన్ని ఇండ్లున్నాయో అన్ని ఇండ్లలోనూ ఈ ముడి ఉన్నది. పెద్దవాడని బావకు ఇచ్చారు. దానితోపాటు క్వార్టరు, కరెంటు, దవాఖాన. సిద్దిరాములు ఆటో కొనుక్కుని మంచిర్యాల, లక్సెట్టిపేట మధ్య నడపసాగాడు. మేం కాలనీ బయట కిరాయికి దిగాం. అన్నదమ్ములు దీనిమీద ఎప్పుడూ పేచీ పెట్టుకోలేదు. ఆయన ఒక్కనాడు కూడా నౌకరీ నాకెందుకు రాలేదని అనలేదు.

సారక్క మాత్రం ఆ సంగతి మరిచిపోలేకపోయింది. కొత్త బియ్యం వస్తే ముందు మా ఇంటికి పంపేది. నేను వద్దంటే, "బాపు నౌకరి ఇద్దరు కొడుకులది చెల్లె. మేమొక్కలమే తింటున్నం. నాకు గొంతుల అడ్డం పడుతది" అనేది.

ఆటోవాళ్ల తిండి ఎట్లుంటుందో తెలిసిందే. గిరాకీ ఉన్నప్పుడు తినడానికి వీలుండదు. వీలైనప్పుడు స్టాండు పక్కన మిర్చి బజ్జీలు, చాయ్. ఒక ఎండాకాలం సిద్దిరాములు కడుపు పట్టుకుని మెలికలు తిరిగితే కరీంనగర్ తీసుకుపోయాం. గొంతులోంచి సన్నటి పైపు వేసి కెమెరాతో చూశారు. కడుపులో పుండు పడిందన్నారు. కోర్సు మందులు వాడాక కూడా రోజూ పొద్దున పరగడుపున ఒక గోళీ వేసుకోవాలని, వేసుకున్నాక అరగంట దాకా ఏమీ తినొద్దని, తాగొద్దని, సొంతంగా మానొద్దని గట్టిగా చెప్పారు.

ఆ చీటీ చూసి సారక్క అడిగింది, "గీ గోళీలు మా దవాఖానల ఇస్తరు గదా?"

ఇస్తారు. కాని కార్మికుడికి, ఆయన భార్యాపిల్లలకు, అమ్మానాన్నలకు. తమ్ముడు ఆ లెక్కలోకి రాడు.

"తమ్ముడు రాకుంటే నేనొస్త గదా" అన్నది.

మరునాడే మరిదిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఎట్ల మండుతది? జర సక్కగ చెప్పు."

"మండుతదంటే మండుతది వదినె. ఇంకెట్ల చెప్పాలె?"

"గట్లంటే డాక్టర్ నమ్ముతడా? ఏడ మండుతది? తినకముందా, తిన్నంకనా?"

"తిన్నంక జరసేపటికి. గీడ, బొక్క కింద షురువైతది. మెల్లగ మీదికెక్కుతది. గొంతులకు పుల్లటి నీళ్లొస్తయి."

"పండుకుంటే?"

"పండుకుంటే ఇంక జాస్తి."

సారక్క వేళ్లు ఆనించుకుని ఆ మాటలన్నీ వరుసగా అప్పజెప్పింది. ఒకచోట తప్పితే మళ్లీ మొదటినుంచి. గడప మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్న బావ పడిపడి నవ్వాడు. "ఒరే తమ్మీ, నౌకరి నాకు గాదు, గీమెకియ్యాలె ఉండె. బాయిల కాదు, నాటకంల."

"నువ్వు నవ్వు. పుండు నీకు కాలే గాబట్టి నవ్వుతున్నవ్" అని ఆమె కసిరింది.

లక్సెట్టిపేట సర్కారు దవాఖానలో కూడా ఆ గోళీలు ఉట్టిగనే ఇస్తారని నేను ఒకసారి అన్నాను. "పొద్దుగాల లైన్ల నిలబడితే మరిది గిరాకీ పోదా? నేను ఇంట్ల ఊకె కూసున్నదాన్నే గదా" అని ఆ మాట అక్కడే కొట్టేసింది. నేనూ మళ్లీ ఎత్తలేదు.

అట్లా ఏండ్లు గడిచాయి. సారక్క తెచ్చిన గోళీలతో సిద్దిరాములు కడుపు కుదుటపడింది. రోజూ పొద్దున ఫోను చేసేది. హలో అనేది లేదు, ఏం లేదు. "మింగినవా?"

"మింగిన వదినె."

"చాయ్ తాగలే గదా?"

"తాగలే."

ఫోను పెట్టేసేది. ఎప్పుడన్నా ఫోను రాకపోతే ఆయన గోళీ చేతిలో పెట్టుకుని కూర్చునేవాడు.

తర్వాత దవాఖానకు కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, ఓపిక గల మనిషి. సారక్క అప్పజెప్పిందంతా విని, కలం పక్కన పెట్టింది.

"అమ్మా, ఇన్నేళ్లుగా గోళీలు వాడుతున్నా మంట పోలేదంటున్నారు. ఒకసారి లోపల కెమెరా వేసి చూడాలి. పెద్ద దవాఖానకు రాసిస్తాను, పోండి."

ఆ రోజు గేటు దాటాక అక్క నా భుజం చరచలేదు. "సచ్చినం చెల్లె. కెమెరా పెడితే నా కడుపు అద్దం లెక్క కనిపిస్తది. పుండు లేదు, పాడు లేదు అని రాస్తరు. ఇగ గోళీలు బంద్. గిన్నేండ్లు ఎవరికోసం తీస్కపోయినవని అడిగితే మీ బావ నౌకరికే పరేషాన్."

పెద్ద దవాఖానకు పోలేదు. మరుసటి నెల డాక్టరమ్మకు చేతులు జోడించింది. "కెమెరా అంటే నాకు పానం పోతది మేడం. గోళీ ఏసుకుంటే మంచిగుంటది. గవ్వే ఇయ్యుండ్రి, సాలు."

డాక్టరమ్మ ఒత్తిడి చేయలేదు. కాని ఒక మాట చెప్పింది. "సరే. కాని అన్నం సయించకపోయినా, బరువు తగ్గినా, దొడ్డికి నల్లగా పోయినా వెంటనే నా దగ్గరికి రావాలి. దాచొద్దు."

అక్క బుద్ధిగా తలూపింది. నేను కూడా పక్కనే నిలబడి విన్నాను. ఆ మాటలు సిద్దిరాములుకు చెందినవని మేమిద్దరమూ అనుకున్నాం. నేరుగా ఇంటికి వచ్చి ఆయనను నిలబెట్టి అడిగాం.

"మరిదీ, దొడ్డికి నల్లగ పోతున్నదా?"

"గదేం అడుగుడు వదినె! వాకిట్ల నిలబడి, నలుగురు వింటుంటే!"

"వింటే విననీ. చెప్పు, డాక్టరమ్మ అడుగుమన్నది."

"లేదు, మంచిగనే పోతున్న."

"అన్నం తినబుద్ధి అయితున్నదా?"

"నిన్న నీ ఇంట్ల ఎన్ని రొట్టెలు తిన్ననో నువ్వే చూడలేదా?"

సారక్కకు ధీమా వచ్చింది. ఆమె రొట్టెలు ఎవరు లెక్క చూశారు? మేమెవరమూ చూడలేదు.

మక్కకంకుల కాలంలో మొదటిసారి నాకు అనుమానం వచ్చింది. సారక్క బొగ్గుల మీద కంకులు కాల్చి అందరికీ పంచింది. తనది చేతిలో పట్టుకుని నాలుగు గింజలు ఒలుచుకుని పక్కన పెట్టింది. కంకి అంటే ప్రాణం పెట్టే మనిషి.

"ఏమైందక్కా?"

"ఏమో చెల్లె, రెండు బుక్కలకే కడుపు రాయి లెక్క అయితున్నది. మొన్న మరిది పట్టీలకెల్లి ఒక గోళీ నేను కూడ ఏసుకున్న. జర నయమనిపించింది."

"డాక్టరమ్మకు చెప్పు."

"చెప్త తియ్" అన్నది.

ఆ వారంలో పోయాం. డాక్టరమ్మ ఆమెను తేరిపారా చూసింది. "సన్నబడ్డట్టున్నారు. నొప్పి పాతదేనా, కొత్తగా ఏమన్నా మారిందా?"

సారక్క వేళ్లు అప్పటికే రొమ్ము కింద ఉన్నాయి. ఒక్క క్షణం అవి కిందికి, కడుపు మీదికి జారాయి. అక్కడ ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచింది. మళ్లీ వేళ్లను పైకి తెచ్చుకుంది.

"పాతదే మేడం. గీడ షురువైతది..."

బయటికి వచ్చాక నేను కోపం చేశాను. "ఎందుకట్ల చెప్పినవక్కా?"

"కొత్తదంటే మల్ల కెమెరా ముచ్చట తీస్తది. ఇగ నేను పట్టుబడ్డట్టే. రెండు రోజులుంటది, పోతది చెల్లె. ఫికర్ చెయ్యకు." కొంచెం దూరం నడిచి, ఆమెకే నవ్వొచ్చింది. "అబద్ధం చెప్పి చెప్పి నిజంగనే అంటుకున్నట్టున్నది."

అప్పుడు నేనూ నవ్వాను. ఆమె అట్లా చెప్తే నవ్వకుండా ఉండడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చేతిలో ఉన్న పని అక్కడే ఆగిపోతుంది.

బతుకమ్మకు సారక్క బిడ్డ స్వరూప భైంసా నుంచి వచ్చింది. తల్లిని చూసి గడపలోనే నిలబడిపోయింది.

"అవ్వా, గీ జాకిట్ ఎవరిదేసుకున్నవ్?"

"నాదే బిడ్డా. పోయినేడు కుట్టించింది."

స్వరూప తల్లి చేయి పట్టుకుని పైకెత్తింది. గాజులు జారి మోచేతి దాకా పోయాయి. ఆ పిల్ల పూలు పేర్చకుండానే లోపలికి పోయి బట్టలు సర్దింది. మరునాడు అందరం కరీంనగర్‌లో ఉన్నాం.

ఇన్నేండ్లు ఏ కెమెరాకు భయపడి తప్పించుకుందో ఆ కెమెరా వేశారు. కడుపులో గడ్డ ఉన్నది. అది అప్పటికే కాలేయం దాకా పాకింది. ఆ డాక్టరు పెద్దవయసు మనిషి. పాత చీటీలు తిరగేస్తూ, "మంట ఎన్నేళ్ల నుంచి ఉన్నది?" అని అడిగాడు.

"చాన ఏండ్ల సంది గ్యాస్ ఉన్నది సార్. ఎప్పుడూ గోళీల మీదనే బతుకుతది" అన్నది స్వరూప. భైంసాలో ఉండే పిల్లకు అసలు సంగతి ఎవరూ చెప్పలేదు.

బావ గోడవైపు తిరిగాడు. సిద్దిరాములు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"లేదు సార్" అన్నది సారక్క. మంచం మీద నుంచి కొంచెం లేచి కూర్చుంది. వేళ్లు రొమ్ము కిందికి పోలేదు. నేరుగా కడుపు నడుమ పెట్టుకుంది. "గా మంట నాది గాదు. మా మరిదిది. నాకు ఎన్నడు మండలే. నాది బుక్క దిగకపోవుడు. రెండు ముద్దలకే నిండుతది. వానకాలం సంది గిట్లున్నది. నల్లగ కూడ పోయింది."

డాక్టరుకు సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం చేయలేదు. "వానాకాలంలోనే చెప్పి ఉంటే చూసేవాళ్లం కదమ్మా. ఈ గోళీ వేసుకుంటే లోపలి బాధ కొంత అణిగి ఉంటుంది, అందుకే మీకు నయమైనట్టు అనిపించింది" అన్నాడు.

తన కడుపు సంగతి ఉన్నదున్నట్టు ఆమె డాక్టరుకు చెప్పడం నేను విన్నది అదే మొదలు. ఎంత బాగా చెప్పిందో. ఏదీ మరిచిపోలేదు.

ఆ రోజు నుంచి సిద్దిరాములు గోళీలు మానేశాడు. నేను చేతిలో పెడితే జేబులో వేసుకుని పోయేవాడు. మంట మళ్లీ మొదలైందని ముఖం చూస్తే తెలుస్తున్నది.

సారక్కను క్వార్టరుకు తీసుకువచ్చాక ఫోను చేసే ఓపిక కూడా ఆమెకు లేదు. ఆయనే పొద్దున్నే ఆటో ఆపి చూసిపోయేవాడు. ఒకనాడు ఆమె కళ్లు తెరిచి అడిగింది.

"మింగినవా?"

"మింగిన వదినె."

"నాకే చెప్తున్నవా అబద్ధం? నేను ఎంతమంది డాక్టర్లకు చెప్పిన. అబద్ధం ముఖం ఎట్లుంటదో నాకు తెల్వదా?"

ఆయన మంచం పట్టె పట్టుకుని కింద కూర్చున్నాడు. "వద్దు వదినె. గా గోళీ చూస్తే నాకు... నావల్ల గాదు. నాకోసమే గదా నువ్వు..."

"నీకోసమే. అయితే?" ఊపిరి అందక ఆగింది. "నువ్వు మింగకుంటే గిదంత ఎందుకు చేసిన? ఉట్టిదేనా? కోమలా, నీళ్లు తే."

నీళ్లు తెచ్చాను. ఆమె చూస్తుండగా ఆయన గోళీ వేసుకున్నాడు. మింగాడో లేదో చూడడానికి చిన్నపిల్లల్ని అడిగినట్టు నోరు తెరవమన్నది. తెరిచాడు. అప్పుడు బావ గడప మీద నుంచి ఎప్పటిలా ఏదో అని నవ్వించబోయి మానుకున్నాడు. లేచి బయటికి పోయాడు.

చలికాలం పోకముందే సారక్క పోయింది.

కొన్నాళ్లకు దవాఖాన కార్డులో ఆమె పేరు తీసేశారు. ఇంట్లో మిగిలిన పట్టీని బావ తెచ్చి నా చేతిలో పెట్టి, "వానివి" అని పోయాడు. అవి అయిపోయాక సిద్దిరాములు దుకాణంలో కొనలేదు, ఎక్కడికీ పోలేదు. ఎండలు ముదిరేసరికి మళ్లీ కడుపు పట్టుకోవడం మొదలైంది. ఒక పొద్దున ఆటో తాళం నేను తీసి పెట్టుకుని, "లక్సెట్టిపేట దవాఖానకు పోదాం, లేకుంటే తాళమియ్య" అన్నాను.

అక్కడ లైను ఉన్నది. పెద్దదేం కాదు. చాయ్ బండివాడు రెండోసారి పాలు కాగబెట్టకముందే మా వంతు వచ్చింది. ఇంతేనా అనిపించింది నాకు. ఇంతసేపటి కోసమేనా అక్క తన పొద్దుటిపూటలన్నీ ఇచ్చింది.

"ఎట్లుంటది మంట?" అని డాక్టరు అడిగాడు.

సిద్దిరాములు స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. కుడిచేతి వేళ్లు రొమ్ము బొక్క కింద ఆనించాడు. "గీడ షురువైతది సార్. తిన్నంక జరసేపటికి. మెల్లగ మీదికెక్కుతది..." ఆ మాటలు ఆయనవే. అక్కకు నేర్పింది ఆయనే. కాని ఆయన అట్లా కళ్లు సగం మూసి చెప్పడం నేను ఎన్నడూ చూడలేదు. గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తాయనే దగ్గర ఆగిపోయాడు. డాక్టరు కాసేపు చూసి నావైపు తిరిగాడు. మిగిలింది నేను చెప్పాను.

"ఇంతకుముందు ఎవరు రాసిచ్చేవారు మందులు?"

"మా వదినె తెచ్చేది సార్" అన్నాడు ఆయన.

పరగడుపున రోజూ ఒకటి అని రాసి, కెమెరా పరీక్షకు కూడా రాసిచ్చాడు. ఈసారి పోయి చేయించుకున్నాం. పుండు చిన్నదే, మానుతుంది అన్నారు.

ఇప్పుడు పొద్దున్నే ఆయన గోళీ చేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. పక్కన ఫోను ఉంటుంది. అది మోగదని తెలుసు, అయినా కొంచెంసేపు చూస్తాడు. తర్వాత నీళ్లు తాగి, క్వార్టర్లు ఉన్న దిక్కుకు ముఖం పెట్టి మెల్లగా అంటాడు, "మింగిన వదినె."

నేను విననట్టే పొయ్యి దగ్గర ఉంటాను. చాయ్ పెట్టను. అరగంట దాకా ఆయనకు ఏమీ ఇవ్వకూడదు.